ఆఫీస్ ల్యాప్‌టాప్ చోరీ అయిందా..? స్టేషన్‌కి పరిగెత్తే ముందు ఈ ఒక్క ఫోన్ చేయండి.. ట్రాకింగ్, లాక్, ఎఫ్‌ఐఆర్ ఫుల్ డీటెయిల్స్

హైదరాబాద్‌లో అమీర్‌పేట్, ఎస్సార్ నగర్, కేపీహెచ్‌బీ, మాదాపూర్.. ఏరియా ఏదైనా కానీ, హాస్టల్ రూముల్లో ల్యాప్‌టాప్ దొంగతనం దాదాపు ఒకే తీరులో జరుగుతుంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లు గాఢ నిద్రలో ఉంటారు. రూమ్మేట్ డ్యూటీకి వెళ్తూ తలుపు దగ్గరకేసి పోతాడు. టేబుల్ మీద చార్జింగ్‌లో ల్యాప్‌టాప్, దిండు పక్కన ఫోన్. వీపుకి బ్యాగ్ తగిలించుకుని కొత్తగా చేరినవాడిలా మెట్లెక్కి వచ్చిన దొంగను వాచ్‌మన్ కూడా ఆపడు. మొత్తం పని ఒక నిమిషం కూడా పట్టదు.

బెంగళూరులోనూ ఇదే సీన్. 2024 మార్చిలో అక్కడి హెచ్‌ఏఎల్ పోలీసులు ఒకరిని అరెస్ట్ చేసి ఏకంగా 24 ల్యాప్‌టాప్‌లు స్వాధీనం చేసుకున్నారు. పీజీల్లో ఉండేవాళ్లు ల్యాప్‌టాప్ చార్జింగ్‌కి పెట్టి టిఫిన్‌కి వెళ్లే టైమ్ చూసి ఎత్తుకెళ్లేవారని పోలీసులు చెప్పారు. తాళం పగలగొట్టింది లేదు, గోడ దూకింది లేదు.

పోయింది సొంత ల్యాప్‌టాప్ అయితే బాధ ఒక రకం. కంపెనీది అయితే ఇంకో రకం. చాలామంది ముందు రూమంతా వెతుకుతారు, తర్వాత హాస్టల్ ఓనర్‌తో గొడవ పడతారు, ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేస్తారు. మేనేజర్‌కి చెప్పడానికి మాత్రం వెనకాడతారు. జీతంలో కట్ చేస్తారేమో, ప్రొబేషన్‌లో ఉన్నా కదా తీసేస్తారేమో అన్న భయం. అలా మధ్యాహ్నం అవుతుంది, ఒక్కోసారి మరుసటి రోజు అవుతుంది. అసలు నష్టం జరిగేది ఈ గంటల్లోనే. దొంగ ల్యాప్‌టాప్ తీసుకెళ్లడం ఒక ఎత్తు అయితే, కంపెనీకి ఆ విషయం తెలియకపోవడం ఇంకో ఎత్తు.

ల్యాప్‌టాప్ ధర 60 వేలు.. మరి లోపల ఉన్నదాని ధర?

దీనికి అందరూ చెప్పుకునే పాత కేసు ఒకటుంది. 2006 మే 3న అమెరికాలోని మేరీల్యాండ్‌లో వెటరన్స్ అఫైర్స్ శాఖలో పనిచేసే ఓ డేటా అనలిస్ట్ ఇంట్లో దొంగలు పడ్డారు. ఆఫీస్ పని ఇంటికి తెచ్చుకున్న ల్యాప్‌టాప్, దాంతోపాటు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పోయాయి. అందులో సుమారు 2 కోట్ల 65 లక్షల మంది మాజీ సైనికులు, సైన్యంలో ఉన్నవాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి. డేటాకి ఎన్‌క్రిప్షన్ లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ ఉద్యోగి దాచలేదు. చోరీ అయిన రోజే పై అధికారులకు చెప్పాడు. కానీ ఆ మాట ఒక్కో టేబుల్ దాటుకుంటూ శాఖ అధిపతి దాకా వెళ్లేసరికి మే 16 అయింది. జనానికి చెప్పింది మే 22న. జూన్ చివర్లో ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ రెండూ దొరికాయి. డేటాను ఎవరూ తెరిచినట్టు ఆనవాళ్లు లేవని ఎఫ్‌బీఐ చెప్పింది. అయినా సరే, మాజీ సైనికులు వేసిన కేసుల్లో ఆ శాఖ 2009లో 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. వస్తువు వెనక్కి వచ్చింది, డబ్బు మాత్రం పోయింది.

మన దగ్గరా రూల్స్ గట్టిపడ్డాయి. డేటా లీక్ లాంటి సైబర్ ఘటనలు తెలిసిన 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు ఇచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, జనం డేటాకి సరైన రక్షణ పెట్టని కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా పెనాల్టీ వేయొచ్చు. దీని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద పడే ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే మీరు సాయంత్రం చెబుదాంలే అనుకునే ఆ ఒక్క ఫోన్ కోసం అవతల ఒక టీమ్ గడియారం చూసుకుంటూ కూర్చోవాల్సిన పరిస్థితి.

సెల్‌ఫోన్‌లా ట్రేస్ అవుతుందా?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఫోన్ పోతే సంచార్ సాథీ పోర్టల్‌లో, అదే సీఈఐఆర్‌లో, ఐఎంఈఐ నంబర్ ఇచ్చి బ్లాక్ చేయిస్తున్నారు కదా, ల్యాప్‌టాప్‌కి కూడా అలా కుదరదా అని. కుదరదు. ఐఎంఈఐ అనేది సిమ్ వేసే పరికరాలకు ఉండే నంబర్. మామూలు ల్యాప్‌టాప్‌కి సిమ్ ఉండదు కాబట్టి ఆ నంబరూ ఉండదు, టవర్ లొకేషనూ ఉండదు.

జీపీఎస్ చిప్ కూడా చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండదు. మరి లొకేషన్ ఎలా వస్తుందంటే.. చుట్టుపక్కల కనిపించే వై-ఫై రౌటర్లను బట్టి. ఏ రౌటర్ ఏ వీధిలో ఉందో మైక్రోసాఫ్ట్, ఆపిల్, గూగుల్ లాంటి కంపెనీల దగ్గర పెద్ద డేటాబేస్ ఉంటుంది. ల్యాప్‌టాప్ తనకు కనిపిస్తున్న రౌటర్ల వివరాలు పంపితే, వాటిని బట్టి మ్యాప్‌లో చుక్క పడుతుంది. సిటీలో అయితే ఆ చుక్క కొన్ని పదుల మీటర్ల తేడాతో కరెక్ట్‌గానే ఉంటుంది. కానీ ఐదంతస్తుల బిల్డింగ్‌లో ఏ ఫ్లోరో, ఏ ఫ్లాటో మాత్రం చెప్పదు. వై-ఫై వివరాలు అందకపోతే మిగిలేది ఐపీ అడ్రస్. దాంతో ఊరి పేరు, ఇంటర్నెట్ కంపెనీ పేరు దాకా తెలుస్తాయి. ఆ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఇంటర్నెట్ కంపెనీ పోలీసులకు చెబుతుంది కానీ మీకు చెప్పదు.

ఏదైనా సరే, ఒక కండిషన్ ఉంది. ల్యాప్‌టాప్ మళ్లీ ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వాలి. ట్రాకింగ్ ముందే ఆన్ చేసి ఉండాలి. పోయాక ఆన్ చేయడం జరిగే పని కాదు.

విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రైవసీ అండ్ సెక్యూరిటీ ఓపెన్ చేస్తే ఫైండ్ మై డివైస్ అనే ఆప్షన్ కనిపిస్తుంది. ఆన్ చేశాం కదా, సేఫ్ అనుకునేవాళ్లకు ఒక చిక్కు ఉంది. ఇది పర్సనల్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లకే పనిచేస్తుంది. ఆఫీస్ మెయిల్ ఐడీతో లాగిన్ అయిన కంపెనీ ల్యాప్‌టాప్‌కి పనిచేయదు. దానికి ఐటీ టీమ్ వాడే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది, ఉదాహరణకు మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్. అందులోంచి వాళ్లు లొకేషన్ అడగొచ్చు, డేటా మొత్తం తుడిచేయొచ్చు. అయితే ల్యాప్‌టాప్‌లో లొకేషన్ సర్వీస్ ఆఫ్ చేసి ఉంటే ఆ మ్యాప్ ఖాళీగానే వస్తుంది. బ్యాటరీ మిగులుతుందని లొకేషన్ ఆఫ్ చేసుకునేవాళ్లు ఈ పాయింట్ గుర్తుపెట్టుకోవాలి.

మ్యాక్‌బుక్ ఈ విషయంలో కాస్త మెరుగు. ఫైండ్ మై ఆన్‌లో ఉంటే ఇంటర్నెట్ లేకపోయినా బ్లూటూత్ సిగ్నల్ పంపుతుంది. దగ్గర్లో ఎవరి ఐఫోన్ ఉన్నా ఆ సిగ్నల్ పట్టుకుని లొకేషన్ చేరవేస్తుంది, ఆ ఐఫోన్ ఓనర్‌కి కూడా తెలియకుండానే. యాక్టివేషన్ లాక్ ఉన్న మోడల్స్‌లో ఫార్మాట్ చేసినా పాత ఓనర్ ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. కంపెనీ మ్యాక్‌లో ఇది ఆన్ చేయాలా వద్దా అన్నది ఐటీ టీమ్ చేతిలో ఉంటుంది.

మరి దొంగ హార్డ్ డిస్క్ మార్చేస్తే? దీనికి కూడా మందు ఉంది. కెనడాలో పుట్టిన అబ్సల్యూట్ కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ తాలూకు చిన్న భాగం డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి బ్రాండ్ల చాలా మోడళ్లలో ఫ్యాక్టరీలోనే మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లో కూర్చుని వస్తుంది. గతంలో దీన్ని కంప్యూట్రేస్ అనేవారు. కంపెనీ లైసెన్స్ కొని యాక్టివేట్ చేసుకుంటే, డిస్క్ మార్చి కొత్తగా విండోస్ వేసినా సాఫ్ట్‌వేర్ మళ్లీ తనంతట తానే ఇన్‌స్టాల్ అవుతుంది. లైసెన్స్ కొనకపోతే మాత్రం అది అక్కడ నిద్రపోతూ ఉంటుంది. చిన్న కంపెనీలకు, స్టార్టప్‌లకు ఖర్చు ఎక్కువ అనిపిస్తే చిలీలో పుట్టిన ప్రే లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. అసలేమీ లేకుండా ఉండటం కంటే ఇవి చాలా నయం.

ట్రాకింగ్ కంటే ముఖ్యం.. తాళం

ఇంతా చేసి, పోయిన ల్యాప్‌టాప్ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. దొంగ దాన్ని ఇంటర్నెట్‌కి కలపకుండానే ఫార్మాట్ కొట్టించేస్తే చుక్క పడదు. అందుకే వెతికే ఏర్పాటు కంటే ముందు చూడాల్సింది, దొరక్కపోయినా లోపలి డేటా బయటకు రాకుండా ఉందా లేదా అని.

విండోస్ పాస్‌వర్డ్ ఉంది కదా అనుకుంటే పొరపాటే. పాస్‌వర్డ్ అనేది వీధి గేటు లాంటిది. డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ లేకపోతే, నాలుగు స్క్రూలు విప్పి ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు, ఫోల్డర్లన్నీ తెరుచుకుంటాయి. ఎన్‌క్రిప్షన్ ఉంటే అదే డిస్క్‌లో కనిపించేది అర్థంపర్థం లేని అక్షరాలే. విండోస్‌లో దీని పేరు బిట్‌లాకర్. హోమ్ ఎడిషన్‌లో అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. ఈ మధ్య వస్తున్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ఇది దానంతట అదే ఆన్ అవుతోంది. అయినా మీది ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్ సెర్చ్ బాక్స్‌లో పేరు టైప్ చేసి ఒకసారి చూసుకోండి. ఆఫ్ అని కనిపిస్తే మీరే కెలకొద్దు, ఐటీ టీమ్‌కి టికెట్ వేయండి.

బిట్‌లాకర్‌కి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే అది ఐటీ టీమ్ సర్వర్‌లో ఉండాలి. సొంతదైతే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండాలి. దాన్ని ప్రింట్ తీసి ల్యాప్‌టాప్ బ్యాగ్‌లోనే పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. మూత వేయడం అంటే ఆఫ్ చేయడం కాదు. మూత వేస్తే ల్యాప్‌టాప్ సాధారణంగా స్లీప్‌లోకి వెళ్తుంది, తాళం తీసే కీ అప్పటికీ మెమరీలోనే ఉంటుంది. ఆ పరిస్థితిలో కాపలా ఉన్నది లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే. పూర్తిగా షట్‌డౌన్ చేస్తే, లేదా హైబర్నేట్ చేస్తే రక్షణ గట్టిగా ఉంటుంది. ఊరికి వెళ్లేటప్పుడు, బస్సెక్కే ముందు షట్‌డౌన్ చేయడం అలవాటు చేసుకోండి. ఇంకాస్త గట్టి భద్రత కావాలనుకునే కంపెనీలు విండోస్ మొదలవ్వక ముందే పిన్ అడిగేలా సెట్ చేస్తాయి. రోజూ రెండు పాస్‌వర్డ్‌లు కొట్టాలా అని విసుక్కునేవాళ్లు ఎక్కువే కానీ, ఆ విసుగుకి అర్థం ఉంది.

పోయింది అని తెలిసిన వెంటనే..

కత్తి చూపించి లాక్కెళ్లారు, దెబ్బలు తగిలాయి అంటే ముందు 112కి ఫోన్ చేయాల్సిందే. అందులో ఆలోచన లేదు. మామూలు చోరీ అయితే మాత్రం మొదటి ఫోన్ కంపెనీ ఐటీ హెల్ప్‌డెస్క్‌కి వెళ్లాలి. మేనేజర్‌కి కూడా ఆ తర్వాతే. ఎందుకంటే పోలీసులు ఎంత వేగంగా వచ్చినా వాళ్లు మీ ఆఫీస్ అకౌంట్‌ని ఆపలేరు. ఐటీ టీమ్ రెండు నిమిషాల్లో ఆపగలదు. బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్న మెయిల్, టీమ్స్, క్లయింట్ పోర్టల్, వీపీఎన్ అన్నింటినీ వాళ్లు అక్కడి నుంచే లాగౌట్ చేస్తారు.

అయితే హెల్ప్‌డెస్క్ నంబర్ ఎక్కడుంది? చాలామంది దగ్గర అది ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, లేదంటే ల్యాప్‌టాప్ మీద అంటించిన స్టిక్కర్ మీద. రూముల్లో జరిగే చోరీల్లో ఫోన్ కూడా పోతుంది కాబట్టి ఓటీపీ రాదు, అథెంటికేటర్ యాప్ ఉండదు. ఆ నంబర్‌ని, మీ ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్‌ని ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకు కూడా వాట్సాప్ చేసి ఉంచండి. ఫోన్ కూడా పోయి ఉంటే పక్కవాళ్ల ఫోన్ నుంచి సిమ్ బ్లాక్ చేయించడం, బ్యాంక్ యాప్‌లు ఆపించడం వెంటనే జరగాలి. ఆ పోయిన ఫోన్‌కి మాత్రం ఎఫ్‌ఐఆర్ కాపీతో సీఈఐఆర్‌లో బ్లాక్ పెట్టొచ్చు.

ఐటీ టీమ్‌కి చెప్పేటప్పుడు దాపరికం వద్దు. చివరిసారి ఎప్పుడు చూశారు, ఆన్‌లో ఉందా షట్‌డౌన్ చేశారా, పాస్‌వర్డ్ కాగితం బ్యాగ్‌లో ఉందా, పెన్‌డ్రైవ్ గుచ్చి ఉందా, డెస్క్‌టాప్ మీద క్లయింట్ ఫైల్స్ ఉన్నాయా. తిడతారేమో అని వీటిలో ఒకటి దాచినా వాళ్లు వేసే లెక్క తప్పిపోతుంది.

ఇక్కడ కంపెనీలు కూడా ఒక తొందరపాటు పని చేస్తుంటాయి. పోయిందనగానే వైప్ బటన్ నొక్కేస్తారు. ఆ కమాండ్ ల్యాప్‌టాప్ ఆన్‌లైన్‌లోకి వచ్చినప్పుడే పనిచేస్తుంది. వచ్చి పనిచేసిందంటే డేటాతో పాటు ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తుడిచిపెట్టుకుపోయే అవకాశం ఉంది, ఇక లొకేషన్ రాదు. డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ ఉండి, ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి ఉంటే అంత కంగారు అక్కర్లేదు. అకౌంట్లు బ్లాక్ చేసి, పోలీసులతో మాట్లాడి, లొకేషన్ కోసం కొంత ఆగొచ్చు. ఎన్‌క్రిప్షన్ లేదంటే మాత్రం ఆలోచించకుండా వైప్ చేయడమే కరెక్ట్. అప్పుడు ల్యాప్‌టాప్ మీద ఆశ వదులుకున్నట్టే.

పర్సనల్ అకౌంట్లు కూడా మర్చిపోవద్దు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో సొంత జీమెయిల్, నెట్ బ్యాంకింగ్, వాట్సాప్ వెబ్ ఓపెన్ చేయనివాళ్లు ఎంతమంది ఉంటారు? వాటి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ కొట్టేయండి.

పోలీస్ స్టేషన్‌లో ఏం అడగాలి?

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మామూలు దొంగతనానికి సెక్షన్ 303 కింద 3 ఏళ్ల దాకా జైలు. ఇల్లు, రూమ్ లాంటి నివాసంలో దొంగతనం చేసినా, బస్సు, రైలు లాంటి ప్రయాణికుల వాహనంలోంచి వస్తువు ఎత్తుకెళ్లినా సెక్షన్ 305 వర్తిస్తుంది. దీనికి 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. హాస్టల్ రూములో పోతే 305 గురించి మీరే గుర్తుచేయొచ్చు.

చాలాసార్లు స్టేషన్‌లో, పోయినట్టు ఆన్‌లైన్‌లో లాస్ట్ రిపోర్ట్ పెట్టుకోండి, సరిపోతుంది అంటారు. సరిపోదు. లాస్ట్ రిపోర్ట్ అనేది వస్తువు ఎక్కడో పడిపోయింది అని చెప్పే కాగితం. దాని మీద దర్యాప్తు జరగదు. చోరీ అయితే ఎఫ్‌ఐఆర్ కావాలి. కంపెనీ అడిగేది, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది కూడా అదే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లో అయినా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపొచ్చు.

ఫిర్యాదులో నల్ల రంగు డెల్ ల్యాప్‌టాప్ అని రాస్తే లాభం లేదు. అలాంటివి నగరంలో లక్షల్లో ఉంటాయి. సీరియల్ నంబర్ ఉండాలి. డెల్‌లో దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు, 7 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. ల్యాప్‌టాప్ అడుగున ఉంటుంది. మ్యాక్‌లో అయితే ఆపిల్ మెనూలో అబౌట్ దిస్ మ్యాక్‌లో కూడా కనిపిస్తుంది. పోయాక కావాలంటే కంపెనీ అసెట్ రిజిస్టర్‌లో, మీకు ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు సంతకం పెట్టించుకున్న ఫారంలో దొరుకుతుంది. చార్జర్, బ్యాగ్, మౌస్ వివరాలు కూడా రాయండి. ఇక ఓనర్ కంపెనీ కాబట్టి, మీ పేరు మీద ఫిర్యాదు చేయడానికి కంపెనీ లెటర్ ఒకటి తెచ్చుకుంటే తర్వాత పని సులువు.

సీసీటీవీ విషయంలో మాత్రం అదే రోజు కదలాలి. హాస్టళ్లు, షాపుల కెమెరాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతూ ఉంటుంది. కొన్ని చోట్ల వారం కూడా నిలవదు. ఓనర్‌తో మాట్లాడి ఆ టైమ్ ఫుటేజ్ తుడిచిపెట్టుకుపోకుండా పక్కన పెట్టించండి, పోలీసులకు ఆ సంగతి చెప్పండి.

రైల్లో పోతే దిగేదాకా ఆగొద్దు. 139కి ఫోన్ చేయండి, టీటీఈకి లేదా ఆర్పీఎఫ్ సిబ్బందికి చెప్పండి. ఫిర్యాదు రైల్వే పోలీసులకు, అంటే జీఆర్పీకి వెళ్తుంది. ప్రయాణికుడు తన దగ్గరే ఉంచుకున్న సామాను దొంగతనానికి గురైతే అది రైల్వే సేవా లోపం కాదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఓ కేసులో చెప్పింది. కాబట్టి పండక్కి గోదావరి, గౌతమి ఎక్కి ఊరికెళ్తూ ల్యాప్‌టాప్ బ్యాగ్ కాళ్ల దగ్గర పెట్టి నిద్రపోతే, నష్టపరిహారం వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. బ్యాగ్ పట్టీలో చేయి దూర్చి తల కింద పెట్టుకోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ అదే బెస్ట్.

మ్యాప్‌లో చుక్క కనిపించిందని ఫ్రెండ్స్‌ని వేసుకుని మీరే వెళ్లడం మాత్రం అస్సలు వద్దు. ముందే చెప్పుకున్నట్టు ఆ చుక్క ఫ్లాట్ నంబర్ చెప్పదు. తప్పు తలుపు కొడితే గొడవ, కరెక్ట్ తలుపు కొడితే ప్రమాదం. లొకేషన్ స్క్రీన్‌షాట్, ఐపీ అడ్రస్, ఏ రోజు ఎన్ని గంటలకు ఆన్‌లైన్‌లోకి వచ్చింది అన్న వివరం నిమిషాలతో సహా ఐటీ టీమ్ నుంచి తీసుకుని దర్యాప్తు అధికారికి ఇవ్వండి. టైమ్ కరెక్ట్‌గా లేకపోతే ఇంటర్నెట్ కంపెనీ ఆ ఐపీని ఎవరు వాడారో చెప్పలేదు.

జీతంలో కట్ చేస్తారా?

అసలు ఆలస్యానికి కారణమే ఈ భయం కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చూద్దాం. చట్టం ప్రకారం కంపెనీ ఇష్టం వచ్చినట్టు కోయడానికి లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగికి అప్పగించిన వస్తువు పోతే జీతంలో కోత పెట్టొచ్చు. కానీ ఆ నష్టం నేరుగా ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. కోత పెట్టే ముందు ఉద్యోగి చెప్పేది వినాలి. జరిగిన నష్టానికి మించి పట్టుకోకూడదు. అంతకుముందున్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ ఇలాంటి నిబంధనే ఉండేది.

అంటే ప్రశ్న మొత్తం నిర్లక్ష్యం ఉందా లేదా అన్న దగ్గర తిరుగుతుంది. తాళం వేసిన రూములో పోతే ఒక మాట, కారు ముందు సీట్లో అందరికీ కనిపించేలా వదిలేస్తే ఇంకో మాట. ఇక్కడే ఆలస్యం మిమ్మల్ని ముంచుతుంది. పోయిన పావుగంటలో ఫోన్ చేసినవాళ్లను నిర్లక్ష్యం అనడం కష్టం. రెండు రోజులు దాచినవాళ్ల తరఫున మాట్లాడటం ఎవరికైనా కష్టం. చేరేటప్పుడు సంతకం పెట్టిన ల్యాప్‌టాప్ పాలసీ ఒకసారి తీసి చదవండి. ఎన్ని గంటల్లో చెప్పాలి, ఎఫ్‌ఐఆర్ ఎప్పటిలోగా ఇవ్వాలి అన్నవి అందులో ఉంటాయి.

చాలా కంపెనీలకు ల్యాప్‌టాప్‌ల మీద ఇన్సూరెన్స్ ఉంటుంది. అందులోనూ ఓ మెలిక ఉంది. చాలా బర్గ్‌లరీ పాలసీలు తాళం పగిలిన, తలుపు విరిగిన ఆనవాళ్లు అడుగుతాయి. తెరిచి ఉన్న తలుపులోంచి పోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. పాలసీ తీసుకునే అడ్మిన్ టీమ్‌లు ఈ క్లాజ్ చూసుకోవాలి. ఉద్యోగుల్లో సగం మంది హాస్టళ్ల నుంచి పనిచేస్తున్నప్పుడు ఆఫీస్ బిల్డింగ్‌కి మాత్రమే వర్తించే పాలసీ ఎవరికి ఉపయోగం?

ఇక చిన్న చిన్న జాగ్రత్తలు. టేబుల్‌కి కట్టే స్టీల్ కేబుల్ లాక్ కొన్ని వందల రూపాయల నుంచే దొరుకుతుంది. కటర్‌తో వచ్చే దొంగను ఆపదు, కానీ హాస్టళ్లలో నడుచుకుంటూ వచ్చి ఎత్తుకెళ్లేవాడిని ఆపుతుంది. కొనే ముందు మీ ల్యాప్‌టాప్‌కి ఆ స్లాట్ ఉందో లేదో చూసుకోండి, మ్యాక్‌బుక్‌లకు ఉండదు. బ్యాగ్‌లో బ్లూటూత్ ట్రాకర్ వేయడం మంచిదే, కాకపోతే దొంగలు ముందు పారేసేది బ్యాగ్‌నే. పైగా తెలియని ట్రాకర్ వెంట వస్తోందని వాళ్ల ఫోన్‌కే అలర్ట్ వెళ్లొచ్చు. కారులో పెట్టాల్సి వస్తే బయల్దేరే చోటే డిక్కీలో పెట్టండి. దిగే చోట అందరూ చూస్తుండగా డిక్కీ తీసి పెట్టడం అంటే అడ్రస్ చెప్పినట్టే. టైర్ పంక్చర్ అయింది సార్, కింద డబ్బులు పడ్డాయి సార్ అని ఎవరైనా అంటే డోర్లు లాక్ చేసుకున్నాకే దిగండి.

దొరికితే చేతికి ఎప్పుడొస్తుంది? సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఏం చూడాలి?

పోలీసులు రికవరీ చేసినా ల్యాప్‌టాప్ వెంటనే ఇంటికి రాదు. అది కేసులో ఆధారం. కోర్టులో పిటిషన్ వేసి విడిపించుకోవాలి. దీనికి నాగరిక్ సురక్షా సంహితలో 497, 503 సెక్షన్లు ఉన్నాయి. ఓనర్‌షిప్ చూపించే బిల్లు, కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్, సీరియల్ నంబర్ అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. వచ్చాక కూడా నేరుగా ఆన్ చేసి ఆఫీస్ నెట్‌వర్క్‌కి కలపకుండా ఐటీ టీమ్‌కి అప్పగించాలి. మధ్యలో అది ఎన్ని చేతులు మారిందో, ఏం ఇన్‌స్టాల్ చేశారో తెలియదు కదా.

మరోవైపు, తక్కువకి వస్తోందని ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు కూడా ఇది సంబంధించిన విషయమే. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కూడా కొంటే న్యాయ సంహిత సెక్షన్ 317 కింద 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లలో అమ్మే పాత కార్పొరేట్ ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా లీజు అయిపోయి కంపెనీలు తీసేసినవే, వాటితో ఇబ్బంది లేదు. అనుమానించాల్సింది బిల్లు లేకుండా, చార్జర్ లేకుండా, ఆన్‌లైన్ యాడ్ పెట్టి రోడ్డు మీదకు రమ్మని అమ్మేవాళ్లను.

డబ్బులిచ్చే ముందు అక్కడే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి ఆన్ చేయించండి. ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వస్తే ఆ ల్యాప్‌టాప్ ఇంకా ఆ కంపెనీ రికార్డుల్లో ఉన్నట్టు. విండోస్ ఆటోపైలట్, ఆపిల్ బిజినెస్ మేనేజర్ చేసే పని ఇదే. నిజాయితీగా అమ్మేవాడైతే కంపెనీతో మాట్లాడి ఆ పేరు తీయించి ఇస్తాడు. స్కిప్ చేసే ట్రిక్ ఉంది అన్నా, నేను చేసిస్తా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. బాగానే ఉందనిపిస్తే బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుని, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబర్‌తో అక్కడే నిలబడి సరిచూసుకోండి.